ఐదొందల లీటర్ల బ్యాచ్‌కు ముందు గడియారం చూసుకో

అమ్మడూ,

రెండు లీటర్ల బయోరియాక్టర్‌లో చక్కగా నడిచిన ఏఏవీ (జన్యువును కణాల్లోకి మోసే చిన్న వైరస్) ప్రాసెస్ 50 లీటర్లకు ఎక్కేసరికి సగం దిగుబడికి పడిపోయిందనీ, రెసిపీలో ఒక్క అంకె కూడా మార్చలేదనీ, త్వరలో 500 లీటర్లు మొదలుపెట్టాలనీ రాశావు. అంకెలు మారలేదు, నిజమే. నిమిషాలు మారాయి. రెండు లీటర్లకు పైపెట్‌తో అర నిమిషంలో పోసేసిన ద్రవం 50 లీటర్లకు పంపులోంచి వెళ్లడానికి పది నిమిషాలు పడుతుంది. మన బ్యాచ్ రికార్డుల్లో గ్రాములుంటాయి, లీటర్లుంటాయి, పీహెచ్ ఉంటుంది. ఫలానా పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఎంతసేపు పట్టిందన్నది చాలాసార్లు ఉండదు. నువ్వు పంపిన రికార్డులోనూ లేదు. అందుకని ఏ దశలో గడియారం చూడాలో, ఎందుకు చూడాలో రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చెయ్యి. అది లేకపోతే ఏ దశను ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియదు. డుషెన్ కండరాల క్షీణతకు వాడే ఎలివిడిస్ మోతాదు కిలో శరీర బరువుకు 1.33×10¹⁴ వెక్టర్ జీనోములు (మందు జన్యువు ఉన్న వైరస్ రేణువుల లెక్క). 20 కిలోల పిల్లవాడికి 2.66×10¹⁵ కావాలి. నీ ముడి లైసేట్‌లో (కణాలను పగలగొట్టిన ద్రవంలో) లీటరుకు 1×10¹⁴ వస్తోందనుకో. క్లారిఫికేషన్‌లో (శిథిలాలను వడగట్టడం) 85 శాతం నిలిచింది, అఫినిటీ కాలమ్‌లో (వైరస్‌ను పట్టుకునే రెజిన్) 80, యానయాన్ ఎక్స్ఛేంజ్‌లో (ఆవేశాన్ని బట్టి వేరుచేసే కాలమ్) 55, టీఎఫ్ఎఫ్‌లో (పొర మీదుగా పారించి గాఢత పెంచే వడపోత) 90, స్టెరైల్ ఫిల్టరూ ఫిల్లింగూ కలిపి 95. అన్నీ గుణిస్తే చివరికి మిగిలేది 32 శాతం. ఏ ఒక్క దశనూ దోషి అనలేం, తిలా పాపం తలా పిడికెడు. అంటే లీటరు కల్చర్‌కు 3.2×10¹³. ఒక్క పిల్లవాడి మందుకు 83 లీటర్లు. 500 లీటర్లంటే ఆరుగురు పిల్లలు. ఏవైనా రెండు దశల్లో చెరో పది శాతం అదనంగా జారితే ఆ ఆరుగురిలో ఒకరి మందు డ్రెయిన్‌లో పోయినట్టే. కంట్లోకి ఇచ్చే లక్స్‌టర్నా లాంటి మందైతే ఒక కంటికి 1.5×10¹¹ చాలు, ఒక్క లీటరు కల్చర్ రెండొందల కళ్లకు వస్తుంది. కాబట్టి ఎవరైనా "ఏఏవీకి 50 లీటర్లు చాలు" అన్నా, "రెండు వేల లీటర్లు కావాలి" అన్నా, ఏ జబ్బుకు, ఎంత బరువున్న మనిషికి అని అడుగు.

ప్లాస్మిడ్ల (గుండ్రటి డీఎన్‌ఏ ముక్కల) దగ్గర మొదలుపెడదాం. మూడు కావాలి: నీ జన్యువును రెండు ఐటీఆర్‌ల (వైరస్ జీనోమ్ చివరలు) మధ్య మోసేది, రెప్-క్యాప్ (వైరస్ కాపీకీ, గుల్లకూ కావాల్సిన జన్యువులు) ఇచ్చేది, అడినోవైరస్ సహాయక జన్యువులు ఇచ్చేది. మొదటిదే పెంకిది. ఐటీఆర్ 145 బేసుల హెయిర్‌పిన్, నిండా జీ, సీ బేసులే. ప్లాస్మిడ్‌ను పెంచే ఈ-కోలై బ్యాక్టీరియా దాన్ని కాపీ చేసేటప్పుడు ముక్కలు వదిలేస్తుంది. రీకాంబినేషన్ తక్కువున్న స్ట్రెయిన్‌లో, 37కు బదులు 30 డిగ్రీల దగ్గర పెంచమని ప్లాస్మిడ్ తయారుచేసేవాళ్లకు ముందే చెప్పు. వచ్చిన ప్రతి లాటునూ ఎస్‌ఎంఏ-1 ఎంజైమ్‌తో కోసి జెల్ మీద చూడు. ఐటీఆర్‌లో ఆ ఎంజైమ్ కోసే చోటు పోతే కోత పడదు, బ్యాండు తేడాగా కనిపిస్తుంది. సప్లయర్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో "పాస్" అని ఉన్నా సరే, నీ జెల్ నువ్వు నడుపు. ఇంకోటి, ప్లాస్మిడ్ వెన్నెముక (ఐటీఆర్‌ల బయటి భాగం) ఎంత పొడవుందో కనుక్కో. కాప్సిడ్‌లో (వైరస్ గుల్లలో) పట్టేది సుమారు 4.7 కిలోబేసులు. వెన్నెముక అంతకన్నా పొట్టిగా ఉంటే ఐటీఆర్ నుంచి వెనక్కి తిరిగి అదే కాప్సిడ్‌లోకి ఎక్కుతుంది, యాంటీబయాటిక్ నిరోధక జన్యువుతో సహా. తర్వాత ఏ కాలమ్ కూడా దాన్ని వేరుచేయలేదు. బయటి నుంచి తెప్పిస్తున్నట్టయితే డ్రై ఐస్ పెట్టెలో టెంపరేచర్ లాగర్ పెట్టించు. పెట్టె శంషాబాద్‌లో దిగాక కస్టమ్స్‌లో ఎన్ని గంటలు కూర్చుందో అదొక్కటే నిజం చెబుతుంది.

కణాల సంగతి. హెచ్‌ఈకే 293 కణాలు 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టాయి. వాటి జీనోమ్‌లో అడినోవైరస్ ఈ1ఏ, ఈ1బీ జన్యువులు ఉండబట్టే మన సహాయక ప్లాస్మిడ్ చిన్నదిగా సరిపోతోంది. ఒక వయల్‌లో కోటి కణాలుంటే, 500 లీటర్లలో మిల్లీలీటరుకు 20 లక్షల చొప్పున 10¹² కావాలి. అంటే లక్ష రెట్లు, దాదాపు 17 రెట్టింపులు. రోజుకొక రెట్టింపు వేసుకున్నా మూడు వారాల సీడ్ ట్రెయిన్ (చిన్న పాత్రలోంచి పెద్ద పాత్రలోకి కణాలను పెంచుకుంటూ పోవడం). ఈ మూడు వారాల్లో ఏ ఒక్క పాసేజీలోనూ (తాజా మీడియంలోకి మార్చడం) కణాలను స్టేషనరీ దశ, అంటే పెరుగుదల ఆగే దశ దాకా పోనివ్వకు. ఆదివారం వచ్చిందని ఒక రోజు ఆలస్యంగా పాసేజీ చేస్తే వయబిలిటీ 96 శాతం అనే చూపిస్తుంది, ట్రాన్స్‌ఫెక్షన్ (ప్లాస్మిడ్లను కణాల్లోకి ఎక్కించడం) రోజున మాత్రం దిగుబడి పడిపోతుంది.

సీడ్ ట్రెయిన్‌లో గడ్డలు కట్టకుండా యాంటీ-క్లంపింగ్ ద్రవం వాడుతున్నారా? అందులో ఉండేది సాధారణంగా హెపారిన్ లాంటిదో, డెక్స్‌ట్రాన్ సల్ఫేటో. రెండూ ఋణావేశమున్న పొడవాటి గొలుసులు. అవి మీడియంలో మిగిలితే డీఎన్‌ఏతో పోటీపడి పీఈఐని (డీఎన్‌ఏను పట్టుకుని కణంలోకి చేర్చే ధనావేశ పాలిమర్) లాగేసుకుంటాయి, ఆ రెండూ కలిసి కట్టిన కాంప్లెక్స్ విడిపోతుంది. చివరి రెండు పాసేజీల్లో దాన్ని పూర్తిగా ఆపెయ్. నీ 50 లీటర్ల బ్యాచ్‌లో ఇన్‌ఆక్యులమ్ (ముందు పాత్రలోంచి పోసే కణాల ద్రవం) వాటా రెండు లీటర్లప్పటికన్నా పెద్దదని రికార్డులో చూశాను. నాకున్న రెండో అనుమానం ఇదే.

పెద్ద ట్యాంకులో మరో చిక్కు కార్బన్ డయాక్సైడ్. సన్న బుడగల స్పార్జర్ (ట్యాంకులోకి వాయువు వదిలే గొట్టం) ఆక్సిజన్‌ను బాగా కరిగిస్తుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి లాక్కుపోలేదు. అది పేరుకుంటే పీహెచ్ తగ్గుతుంది, కంట్రోలర్ బేస్ పోస్తుంది, ఆస్మోలాలిటీ (కరిగిన పదార్థాల గాఢత) పెరుగుతుంది, కణం వాడిపోతుంది. రోజూ బ్లడ్ గ్యాస్ అనలైజర్‌లో నమూనా పెట్టి పీసీఓ2ను (కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని) 100 మి.మీ. పాదరసం లోపే ఉంచు. పెరుగుతుంటే లావు బుడగల స్పార్జర్ ద్వారా గాలి కొద్దిగా కలుపు.

ఇక ట్రాన్స్‌ఫెక్షన్. ఉత్తరంలో ఇదొక్కటే చదివినా చాలు. మిలియన్ కణాలకు ఒక మైక్రోగ్రాము డీఎన్‌ఏ అంటే 10¹² కణాలకు ఒక గ్రాము. పీఈఐ దానికి రెట్టింపు, రెండు గ్రాములు. కాంప్లెక్స్ పరిమాణం కల్చర్‌లో ఐదు శాతం అనుకుంటే 25 లీటర్లు: పన్నెండున్నర లీటర్లలో డీఎన్‌ఏ, పన్నెండున్నరలో పీఈఐ. ఈ రెండూ కలిసిన క్షణం నుంచి కాంప్లెక్స్ పెరుగుతూనే ఉంటుంది. పాకం పట్టడం లాంటిదే. లేతపాకంలో కణం లోపలికి తగినంత డీఎన్‌ఏ చేరదు. ముదిరితే రేణువులు మైక్రాన్లలోకి పెరిగి అడుగున పడతాయి, కణాలకు విషమవుతాయి. మధ్యలో కొన్ని నిమిషాలే మనవి. ఉప్పున్న మీడియంలో పాకం త్వరగా ముదురుతుంది, ఉప్పు తక్కువైతే నెమ్మదిగా. గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు పంపు లెక్క చూడు. నిమిషానికి లీటరు చొప్పున పీఈఐని డీఎన్‌ఏ సంచిలోకి పంపితే పన్నెండున్నర నిమిషాలు. రికార్డులో రాసినట్టు పది నిమిషాలు ఆగుతారు. తర్వాత 25 లీటర్లను అదే వేగంతో ట్యాంకులోకి పంపితే 25 నిమిషాలు. మొదట కలిసిన డీఎన్‌ఏకు చివరికి నలభై ఏడున్నర నిమిషాల వయసొచ్చింది. రికార్డు మాత్రం "10 నిమిషాలు" అంటోంది. అంతేకాదు, పీఈఐని డీఎన్‌ఏలోకి మెల్లగా పోస్తే మొదట డీఎన్‌ఏ ఎక్కువ, చివర పీఈఐ ఎక్కువ, మధ్యలో రెండు ఆవేశాలూ సరిసమానమయ్యే ఒక దశ తప్పకుండా వస్తుంది. ఒకదాన్నొకటి తోసుకునే శక్తి పోయి రేణువులు గుంపుకట్టేది సరిగ్గా అక్కడే.

దీనికి నేను చెప్పేది రెండు పంపులు, ఒక వై కనెక్టర్, దాని తర్వాత స్టాటిక్ మిక్సర్. రెండు ద్రవాలూ ఒకే వేగంతో, నిమిషానికి మూడు లీటర్ల చొప్పున కలవాలి. అప్పుడు ప్రతి చుక్కలోనూ నిష్పత్తి ఒక్కటే. నాలుగు నిమిషాల్లో 25 లీటర్లూ సంచిలో ఉంటాయి. తర్వాత ట్యాంకులోకి నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున పంపు, ఐదు నిమిషాలు. ఆగే సమయం ఎనిమిది నిమిషాలైతే అతి పెద్ద వయసు 17, అతి చిన్న వయసు 8. ఈ కిటికీ నీ కాంప్లెక్స్‌కు సరిపోతుందో లేదో ఊహించకు, చిన్న ఫ్లాస్కుల్లో తేల్చు. ఒకే కాంప్లెక్స్‌ను 3, 5, 8, 12, 17, 25, 40 నిమిషాల వయసులో వేర్వేరు ఫ్లాస్కుల్లో పొయ్యి, 72 గంటల తర్వాత టైటర్ (వెక్టర్ జీనోముల గాఢత) గీతగా గియ్యి. గీత చదునుగా ఉన్న చోటే నీ కిటికీ. పంపునూ గొట్టం లావునూ ఆ కిటికీని బట్టి ఎంచుకో, ప్లాంటులో ఉన్న పంపును బట్టి కిటికీని సాగదీయకు. ద్రవం పడే చోటు ఇంపెల్లర్‌కు దగ్గరగా ఉండాలి. పైన ఒక మూల పడితే అక్కడి కణాలకే అంతా దక్కి మిగతావాటికి ఏమీ దక్కదు.

లైసిస్ దగ్గర తప్పేది ఎక్కువగా వరసే. ఏఏవీ2 రకం అయితే దాదాపు అంతా కణాల్లోనే ఉంటుంది. ఏఏవీ8, ఏఏవీ9లో కొంత బయటికొచ్చేస్తుంది. ఏదైనా మొత్తం ట్యాంకునే లైసిస్ చెయ్యాలి. ట్రైటాన్ ఎక్స్-100 ఇప్పుడు కొత్త ప్రాసెస్‌లో పెట్టకు. యూరప్ రసాయన చట్టం కింద 2021 జనవరి నుంచి దానికి ప్రత్యేక అనుమతి కావాలి. పాలీసార్బేట్ 20 అర శాతం దగ్గర బాగానే పనిచేస్తుంది. ముందు స్పార్జింగ్ ఆపు. డిటర్జెంట్ పోశాక బుడగలు వదిలితే నురగ ఎగజిమ్మి ఎగ్జాస్ట్ ఫిల్టర్ తడుస్తుంది, సంచిలో ఒత్తిడి పెరుగుతుంది. మెగ్నీషియం 2 మిల్లీమోలార్, ఎండోన్యూక్లియేజ్ (డీఎన్‌ఏను తెంపే ఎంజైమ్) మిల్లీలీటరుకు 50 యూనిట్లు, అంటే 500 లీటర్లకు రెండున్నర కోట్ల యూనిట్లు. 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు. ఆ తర్వాతే ఉప్పు, మొత్తం 500 మిల్లీమోలార్ అయ్యేలా. మామూలు ఎండోన్యూక్లియేజ్ ఉప్పులో చచ్చుబడుతుంది. ఉప్పు ముందు పోస్తే డీఎన్‌ఏ తెగదు, లైసేట్ జిగురులా ఉండి ఫిల్టర్లు మూసుకుపోతాయి. ఉప్పు అసలు పొయ్యకపోతే ఏఏవీ కణ శిథిలాలకూ, ధనావేశమున్న డెప్త్ ఫిల్టర్‌కూ అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఉప్పును ఓర్చుకునే న్యూక్లియేజ్ కొనగలిగితే రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. ఖర్చు ఎక్కువే, అయినా ఆ ఖర్చు పెట్టించమనే నా సలహా.

చోటు మరిచిపోకు. పది శాతం డిటర్జెంట్ స్టాక్ 25 లీటర్లు, 5 మోలార్ ఉప్పు స్టాక్ మరో 40 లీటర్లు. 500 లీటర్ల సంచిలో 500 లీటర్ల కల్చర్ నింపితే ఇవెక్కడ పోస్తావు? కల్చర్‌ను 430 లీటర్ల దగ్గరే ఆపు. పైన లెక్కలో వచ్చిన ఆరుగురు ఇక్కడ ఐదుగురవుతారు. ఆ ఐదో మోతాదులోంచే క్యూసీ నమూనాలు కూడా పోవాలి. ఈ సంగతి మేనేజ్‌మెంట్‌కు ఇప్పుడే చెప్పు, బ్యాచ్ అయ్యాక కాదు.

క్లారిఫికేషన్‌కు పెద్దగా చెప్పేదేమీ లేదు. నీ లైసేట్‌తోనే చిన్న క్యాప్స్యూల్ మీద ఒత్తిడి పెరిగే తీరు చూసి, లెక్కకు ఒకటిన్నర రెట్ల ఫిల్టర్ పెట్టు. చివర ఉప్పు బఫర్‌తో కడిగి ఆ కడుగు నీళ్లు కూడా కలుపుకో.

అఫినిటీ కాలమ్ సైజు వేసేటప్పుడు ఒక గుంట ఉంది. టైటర్ జీనోముల్లో చెబుతాం, రెజిన్ పట్టుకునేది కాప్సిడ్లను. ముడి లైసేట్‌లో నిండినవి (లోపల జన్యువున్న కాప్సిడ్లు) ఇరవై శాతమే ఉంటే, 4×10¹⁶ జీనోముల వెనక 2×10¹⁷ కాప్సిడ్లుంటాయి. జీనోముల లెక్కన కాలమ్ కట్టినవాళ్లకు సగం లోడింగ్ కాకముందే నిండు కాప్సిడ్లు ఫ్లో-త్రూలో (రెజిన్ పట్టుకోకుండా బయటికి పోయే ద్రవంలో) పోతాయి. ఫ్లో-త్రూను కాప్సిడ్ ఎలీసా పరీక్షతో ప్రతి ఇరవై లీటర్లకూ చూడు. మిల్లీలీటరుకు 10¹⁴ కాప్సిడ్లు పట్టే రెజిన్ అయితే రెండు లీటర్ల కాలమ్. రెసిడెన్స్ టైమ్ (ద్రవం కాలమ్‌లో గడిపే సమయం) ఒక నిమిషం పెట్టినా 500 లీటర్లు ఎక్కడానికి నాలుగు గంటలు దాటుతుంది. రెండు నిమిషాలైతే ఎనిమిది గంటలు. అన్ని గంటలు ప్రోటియేజులున్న లైసేట్ గది ఉష్ణోగ్రతలో కూర్చోకూడదు. ముందే టీఎఫ్ఎఫ్‌తో పదో వంతుకు తగ్గిస్తే ఎక్కించేది 50 లీటర్లే.

ఎల్యూషన్ (రెజిన్ పట్టుకున్న వైరస్‌ను దించడం) పీహెచ్ 3 ప్రాంతంలో జరుగుతుంది. ఆలస్యం అమృతం విషం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆ ఆమ్లంలో కూర్చున్న కాప్సిడ్లు గుంపుకడతాయి, కొన్ని సీరోటైపుల్లో (ఏఏవీ రకాల్లో) కణంలోకి వెళ్లే శక్తి కూడా తగ్గుతుంది. ట్రిస్‌ను (ఆమ్లాన్ని తటస్థం చేసే బఫర్‌ను) చివర కలపొద్దు. సేకరించే పాత్రలో పరిమాణానికి పదో వంతు 1 మోలార్ ట్రిస్ ముందే పోసి, మెల్లగా తిప్పుతూ, చుక్క పడ్డప్పుడే తటస్థమయ్యేలా చెయ్యి.

ఇప్పుడు యానయాన్ ఎక్స్ఛేంజ్, అంటే నిండిన కాప్సిడ్లనూ ఖాళీవాటినీ వేరుచేయడం. అందరినీ ఏడిపించే దశ ఇదే. ఖాళీ కాప్సిడ్లు రోగికి మేలు చెయ్యవు, అతని రోగనిరోధక వ్యవస్థకు మాత్రం అవి కూడా వైరస్సే. మోతాదు 10¹⁴ స్థాయిలో ఉన్నప్పుడు ఆ భారమంతా పిల్లవాడి కాలేయం మీద పడుతుంది. లోపల డీఎన్‌ఏ ఉన్న కాప్సిడ్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) సుమారు 5.9, ఖాళీదానిది 6.3. ఆ కొద్ది తేడా మీదే మన విద్య అంతా. పీహెచ్ 9 దగ్గర, కొద్దిగా మెగ్నీషియంతో, క్యూ మోనోలిత్ మీదో రెజిన్ మీదో ఎక్కించి ఉప్పు మెల్లగా పెంచితే ఖాళీవి ముందు దిగుతాయి, నిండినవి తర్వాత. 260, 280 నానోమీటర్ల శోషణల నిష్పత్తి ఖాళీవాటికి 0.6, నిండినవాటికి 1.3 దాకా ఉంటుంది. క్రోమటోగ్రామ్‌లో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటే చోట పూల్ మొదలుపెట్టు.

ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. ఎక్కించడానికి ఉప్పు తగ్గించాలి, కండక్టివిటీ సెంటీమీటరుకు రెండు మూడు మిల్లీసీమెన్స్ లోపు. కానీ తక్కువ ఉప్పులో ఏఏవీ గుంపుకడుతుంది. ఆరు లీటర్ల ఎల్యుయేట్‌ను ముందురోజే వందకు పైగా లీటర్లకు పలుచన చేసి రాత్రంతా ఉంచితే పొద్దునకు మబ్బుగా కనిపిస్తుంది. పలుచన చేసే పని కాలమ్ ముందు లైనులోనే, ఎక్కుతున్నప్పుడే జరగాలి. రెండోది, బఫర్ తూకం. ఉప్పులో అర మిల్లీసీమెన్ తేడా వస్తే శిఖరం పక్కకు జరుగుతుంది. స్టెప్ ఎల్యూషన్ పెట్టుకున్నవాళ్లకు ఖాళీవి నిండినవాటిలో కలిసిపోతాయి. బఫర్‌ను బరువుతో కాకుండా కొలిచిన కండక్టివిటీతో విడుదల చెయ్యి. మూడోది, ట్రిస్ పీహెచ్ డిగ్రీకి 0.03 చొప్పున మారుతుంది. కోల్డ్ రూమ్‌లోంచి అప్పుడే తెచ్చిన బఫర్‌కూ గదిలో వేడెక్కిన బఫర్‌కూ అర యూనిట్ తేడా ఉంటుంది. ఈ దశలో అర యూనిట్ అంటే వేరే ప్రాసెస్.

చివరి టీఎఫ్ఎఫ్‌లో ఉప్పు పూర్తిగా తీసెయ్యకు. అయానిక్ స్ట్రెంత్ 200 మిల్లీమోలార్ దగ్గర ఉంటే గాఢత పెరిగినా గుంపుకట్టదు. పోలోక్సమర్ 188ను 0.001 శాతం చేర్చు. లేకపోతే సంచికీ, గొట్టానికీ, వయల్‌కూ, ఆఖరికి ఆసుపత్రిలో సిరంజికీ మందు అతుక్కుపోతుంది.

టైటర్ గురించి కచ్చితంగా ఉండు. ఈ మందును కొలిచేది వెక్టర్ జీనోముల లెక్కతోనే. పరీక్షలో ఇరవై శాతం పొరపాటంటే పిల్లవాడి శరీరంలోకి ఇరవై శాతం ఎక్కువో తక్కువో వెళ్లినట్టు. డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్ వాడు. క్యూపీసీఆరే వాడాల్సివస్తే స్టాండర్డ్ ప్లాస్మిడ్‌ను కోసి తిన్నని దారంలా చెయ్యి. మెలితిరిగిన ప్లాస్మిడ్ పీసీఆర్‌లో సరిగ్గా విచ్చుకోదు, దాంతో పోల్చిన నమూనా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కాప్సిడ్ తెరిచే ముందు డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏను తెంపే ఎంజైమ్) వెయ్యకపోతే బయట తేలే ప్లాస్మిడ్ కూడా మందుగా లెక్కలోకి వస్తుంది. ముడి లైసేట్‌లో ఈ మోసం మరీ ఎక్కువ. "అఫినిటీలో నలభై శాతం పోయింది" అనుకునే చోట చాలాసార్లు పోయింది వైరస్ కాదు, మొదటి అంకెలోని అబద్ధం. పలుచన చేసే ప్రతి ట్యూబులోనూ పోలోక్సమర్ ఉండాలి.

మిగిలిపోయిన హెచ్‌ఈకే డీఎన్‌ఏ సంగతి క్యూసీవాళ్లు చూసుకుంటారని వదలకు. ఎఫ్‌డీఏ చూసేది మోతాదుకు 10 నానోగ్రాముల లోపు, 200 బేసుల కన్నా పొట్టి ముక్కలు. కాప్సిడ్ లోపల దాక్కున్న కణ డీఎన్‌ఏను న్యూక్లియేజ్ తాకలేదు. ఈ1ఏ క్రమాన్ని ప్రత్యేకంగా కొలిపించు.

500 లీటర్లకు పోయే ముందు ఇంకొక 50 లీటర్ల బ్యాచ్ అడుగు. అందులో మార్చాల్సినవి రెండే: వై కనెక్టర్‌తో కాంప్లెక్స్, చివరి రెండు పాసేజీల్లో యాంటీ-క్లంపింగ్ ఆపడం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదంటారు క్వాలిటీవాళ్లు, నిజమే. అందుకే పక్కనే రెండు లీటర్ల రియాక్టర్లు నాలుగు పెట్టి, రెండు మార్పులనూ విడివిడిగానూ కలిపీ నడిపి, ఒకటి పాత పద్ధతిలోనే ఉంచు. బ్యాచ్ రికార్డులో కాంప్లెక్స్ కలవడం మొదలు, ముగింపు, ట్యాంకులోకి మొదటి చుక్క, ఆఖరి చుక్క, ఉప్పు పోసిన సమయం, అఫినిటీ లోడ్ మొదలు, ముగింపు, ఎల్యుయేట్ తటస్థమైన సమయం, పలుచన చేసిన సమయం, ఆఖరి నమూనా ఫ్రీజర్‌లోకి వెళ్లిన సమయం, ఈ పదింటికీ గడులు గీయించు. ఆ పది సమయాలూ, ఐదు రియాక్టర్ల టైటర్లూ చేతికొచ్చాక నాకు రాయి. పంపు ఏ సైజు కొనాలో అప్పుడు కూర్చుని లెక్కేద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య